మస్టాంగ్, కమారో, ఛాలెంజర్: మూడింటినీ సరిగ్గా పోల్చి ఒకటి ఎంచుకోవడం ఎలా

డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ ప్రాంతాల్లో ఉద్యోగం కుదురుకున్న మనవాళ్లు మజిల్ కార్ల గురించి, అంటే శక్తిమంతమైన ఇంజన్ ఉండే రెండు డోర్ల అమెరికన్ కార్ల గురించి, పదేపదే అడిగే ప్రశ్న ఇది: “మజిల్ కారు కొనాలనుంది, మూడింట్లో ఏది మంచిది?” ఇలా అడిగితే సరైన జవాబు దొరకదు. మస్టాంగ్ అనే ఒక్క పేరు కిందే నాలుగు సిలిండర్ల టర్బో కారూ ఉంది, 760 హార్స్‌పవర్ షెల్బీ జీటీ500 కూడా ఉంది. ఛాలెంజర్‌ది, కమారోది కూడా అంతే. ఏ ట్రిమ్ (ఒకే కారులోని రకం), ఏ ప్యాకేజీ (అదనంగా తీసుకునే భాగాల సెట్), ఏ సంవత్సరం అన్నది తేలకుండా బ్రాండ్ల మీద వాదించుకుంటే లాభం లేదు.

మార్కెట్ పరిస్థితి కూడా ముందే తెలుసుకోండి. డాడ్జ్ ఛాలెంజర్ 2023 మోడల్‌తో ఆగిపోయింది. షెవ్రొలే కమారో 2024 మోడల్‌తో ముగిసింది. ఈ రెండూ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాల్సినవే. ఈ మూడింట్లో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌తో కొత్తగా షోరూమ్ నుంచి తెచ్చుకోగలిగేది ఫోర్డ్ మస్టాంగ్ ఒక్కటే. డాడ్జ్ కొత్త ఛార్జర్ సిక్స్‌ప్యాక్‌లో ఉన్నది ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో. దాని తీరు వేరు కాబట్టి ఈ పోలికలోకి తేవడం లేదు.

## 1. ముందు మీ వాడకం రాసుకోండి

కార్ల ఫొటోలు చూడకముందే ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద పెట్టండి. ఇంట్లో ఇంకొకరు ఉంటే వాళ్లతో కలిసి కూర్చుని రాయండి.

- ఇంట్లో ఇదొక్కటే కారా, రెండోదా?
- రోజుకు ఎన్ని మైళ్లు? అందులో ట్రాఫిక్ ఎంత, హైవే ఎంత?
- వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారా? కార్ సీట్ బిగించాలా?
- ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి అమ్మానాన్నల్ని పెద్ద సూట్‌కేసులతో తీసుకురావాల్సి వస్తుందా?
- మీ ఊళ్లో మంచు పడుతుందా?
- మాన్యువల్ గేరు నిజంగా కావాలా, అది సరదా మాత్రమేనా?
- ఎన్నేళ్లు ఉంచుకుంటారు?

ఈ జవాబులతోనే సగం జాబితా తగ్గిపోతుంది. కమారో డిక్కీ 9 క్యూబిక్ అడుగులే, దాని నోరు ఇంకా చిన్నది. ఇండియా ప్రయాణానికి వాడే పెద్ద సూట్‌కేసు అందులోకి వంచి దూర్చాల్సిందే. మస్టాంగ్‌ది 13 క్యూబిక్ అడుగుల పైచిలుకు. ఛాలెంజర్‌ది 16 దాటుతుంది, పైగా వెనక మూడు సీటు బెల్టులుంటాయి. మిగతా రెండింట్లో వెనక ఇద్దరికే చోటు, ఆ ఇద్దరూ చిన్నపిల్లలైతేనే సుఖం.

మంచు ప్రాంతమైతే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఛాలెంజర్ వీ6లో 2017 నుంచి ఆల్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది. మిగతావాటికి, అంటే వెనక చక్రాలతో నడిచే కార్లన్నిటికీ, చలికాలం టైర్ల సెట్ విడిగా కొనాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో ఇప్పుడే వేసుకోండి.

ఎప్పుడైనా తిరిగి వెళ్తే బండిని కూడా ఇండియాకు తీసుకెళ్దామనే ఆలోచన ఉంటే అది ఇక్కడే వదిలేయండి. మన దిగుమతి నిబంధనల ప్రకారం స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికాలో కొన్నది ఎడమవైపుది. ఫోర్డ్ 2016లో ఇండియాలో అమ్మిన మస్టాంగ్ జీటీలు ఫ్యాక్టరీలోనే కుడివైపు స్టీరింగ్‌తో తయారైనవి.

## 2. సమాన స్థాయి కార్లనే పక్కపక్కన పెట్టండి

పోలిక చెడిపోయేది ఎక్కువగా ఈ దశలోనే. ఒకరి బేస్ మోడల్‌ని ఇంకొకరి ట్రాక్ ప్యాకేజీతో పోల్చి “దీని హ్యాండ్లింగ్ బాలేదు” అని తేల్చేస్తారు. కాబట్టి స్థాయిల వారీగా చూడండి.

మొదటి స్థాయి: రూపం కావాలి, ఖర్చు తగ్గాలి. మస్టాంగ్ ఎకోబూస్ట్ 2.3 లీటర్ల టర్బో 310 హార్స్‌పవర్, 2024 నుంచి 315. కమారో 3.6 లీటర్ల వీ6 335. ఛాలెంజర్ ఎస్ఎక్స్‌టీ 3.6 వీ6 దాదాపు 305. ఈ మూడింటిలో నడపడానికి చురుకైనది కమారో వీ6, కూర్చోవడానికి సుఖమైనది ఛాలెంజర్. కొత్త ఎకోబూస్ట్‌లో మాన్యువల్ గేరు లేదు.

రెండో స్థాయి: వీ8, రోజూ వాడేది. మస్టాంగ్ జీటీ 5.0 లీటర్లు. 2015 నుంచి 2017 దాకా 435 హార్స్‌పవర్, 2018లో 460, 2024 నుంచి 480. కమారో ఎస్ఎస్ 6.2 లీటర్లు, 455. ఛాలెంజర్ ఆర్‌టీ 5.7 లీటర్ల హెమీ (డాడ్జ్ వీ8 ఇంజన్ పేరు), 375 లోపు.

అసలు చిక్కు ఈ స్థాయిలోనే ఉంది. “మూడూ వీ8లే కదా” అని ఆర్‌టీని జీటీ పక్కన పెడితే 60 నుంచి దాదాపు 110 హార్స్‌పవర్ తేడా వస్తుంది. జీటీకి దీటైన ఛాలెంజర్ 6.4 లీటర్ల స్కాట్ ప్యాక్, 485 హార్స్‌పవర్. ఆర్‌టీ మంచి కారే, హైవే మీద హాయిగా సాగిపోతుంది, తక్కువ ధరలో దొరుకుతుంది. కానీ దాన్ని పోల్చాల్సింది ఎకోబూస్ట్ ప్రీమియంతోనూ కమారో వీ6తోనూ.

కమారోలో మరో మంచి అవకాశం ఉంది. 2020 నుంచి ఎల్‌టీ1 అనే ట్రిమ్ వచ్చింది. ఎస్ఎస్‌లో ఉన్న 455 హార్స్‌పవర్ ఇంజనే, మామూలు బాడీలో, తక్కువ ధరకు. హంగులు అక్కర్లేదు, ఇంజనే ముఖ్యం అనుకునేవాళ్లు దీన్ని వెతకాలి.

మూడో స్థాయి: మలుపుల కోసం కొనేది. మస్టాంగ్ జీటీ పెర్ఫార్మెన్స్ ప్యాక్, 2021–23 మాక్ 1, ఇప్పటి డార్క్ హార్స్. కమారో ఎస్ఎస్ 1ఎల్ఈ (దాని ట్రాక్ ప్యాకేజీ). ఛాలెంజర్ స్కాట్ ప్యాక్ వైడ్‌బాడీ (వెడల్పు చేసిన బాడీ).

పెర్ఫార్మెన్స్ ప్యాక్ అంటే స్టిక్కర్ల సెట్ అనుకునేవాళ్లు చాలామంది. కాదు. పెద్ద బ్రెంబో బ్రేకులు, గట్టి స్ప్రింగులు, వెడల్పు టైర్లు, మెరుగైన డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ శక్తిని పంచే భాగం) వస్తాయి. 1ఎల్ఈలో మాగ్నెటిక్ రైడ్ డాంపర్లు (రోడ్డును బట్టి గట్టిదనం మార్చుకునే షాక్ అబ్జార్బర్లు), ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ముందు 285, వెనక 305 మిల్లీమీటర్ల టైర్లు ఉంటాయి. వైడ్‌బాడీకి నాలుగు చక్రాలకూ 305 టైర్లే. ఒకే కారు ప్యాకేజీతో ఒకలా, ప్యాకేజీ లేకుండా ఇంకోలా నడుస్తుంది. అందుకే మీ జాబితాలో కారు పేరు పక్కన ప్యాకేజీ పేరు తప్పకుండా రాయండి.

సంవత్సరాల విషయంలో రెండు గీతలు గీసుకోండి. 2015 మస్టాంగ్ నుంచి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలే ఏర్పాటు) వచ్చింది, అంతకుముందుది గట్టి యాక్సిల్. 2016 కమారో నుంచి కొత్త, తేలికైన ఆల్ఫా ప్లాట్‌ఫామ్ (కారు అడుగు నిర్మాణం). 2015 కమారో ధర ఆకర్షణీయంగా ఉంటుంది గానీ అది పాత తరం కారు. ఛాలెంజర్‌కైతే 2015 నుంచే చూడండి, 8 స్పీడ్ ఆటోమేటిక్ అప్పుడే వచ్చింది.

హెల్‌క్యాట్, జీటీ500, జెడ్ఎల్1 లాంటి సూపర్‌ఛార్జర్ కార్లను ఈ మార్గదర్శిలో పెట్టలేదు. మొదటి మజిల్ కారుగా అవి కొనవద్దనే చెబుతాను. రోడ్డు మీద ఆ శక్తిలో మూడో వంతు వాడే చోటు కూడా దొరకదు, ఇన్సూరెన్స్ మాత్రం మొత్తానికీ కట్టాలి.

## 3. డబ్బు లెక్క: స్టిక్కర్ ధర దగ్గర ఆగవద్దు

ప్రతి కారుకీ ఒక కాగితం తీసుకుని ఇవన్నీ వరుసగా వేయండి:

1. చేతికొచ్చే మొత్తం ధర: పన్ను, రిజిస్ట్రేషన్, డీలర్ ఫీజులు కలిపి. టెక్సస్‌లో వాహన పన్ను 6.25 శాతం, న్యూజెర్సీలో 6.625.
2. అప్పు మీద మొత్తం వడ్డీ.
3. ఏడాది ఇన్సూరెన్స్.
4. ఏడాది పెట్రోలు.
5. టైర్లు, బ్రేకులు.
6. అమ్మేటప్పుడు వచ్చే అంచనా ధర. ఇది పై మొత్తం నుంచి తీసేయాలి.

వడ్డీ సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. 35,000 డాలర్ల అప్పు 60 నెలలకు 7 శాతం మీద తీసుకుంటే నెలకు సుమారు 693 డాలర్లు, మొత్తం వడ్డీ దాదాపు 6,580. అదే 12 శాతమైతే నెలకు 779, వడ్డీ 11,700 దాటుతుంది. క్రెడిట్ హిస్టరీ ఇంకా చిన్నదిగా ఉన్నవాళ్లకు డీలర్ ఈ రెండో రకం రేటే చూపిస్తాడు. డీలర్ దగ్గరికి వెళ్లకముందే ఒక క్రెడిట్ యూనియన్ నుంచి ముందస్తు ఆమోదం తెచ్చుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే బేరం తీరే మారిపోతుంది.

ఇన్సూరెన్స్ అంచనాతో సరిపెట్టుకోవద్దు. కొనబోయే కారు విన్ నంబర్ (గుర్తింపు సంఖ్య) ఇచ్చి, కనీసం మూడు కంపెనీల నుంచి కోట్ తీసుకోండి. పాతికేళ్ల లోపు వాళ్లకూ, అమెరికా లైసెన్స్ కొత్తగా వచ్చినవాళ్లకూ ఈ కార్ల మీద నెల ప్రీమియం చూస్తే గుండె ఆగినంత పని అవుతుంది. కారు నచ్చాక తెలియడం కంటే ముందే తెలియడం నయం. డాడ్జ్ వీ8లకు దొంగల బెడద ఎక్కువ. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బయట పెట్టేవాళ్లు స్టీరింగ్ లాక్, దాచిపెట్టే ట్రాకర్ ఖర్చు కూడా కలుపుకోండి.

పెట్రోలుకు ఉదాహరణ: ఏడాదికి 10,000 మైళ్లు, గ్యాలన్‌కు 18 మైళ్లు వస్తే 555 గ్యాలన్లు. గ్యాలన్ 3.50 అనుకుంటే సుమారు 1,950 డాలర్లు. ఫోర్డ్ 5.0కి రెగ్యులర్ పోయవచ్చు గానీ చెప్పిన శక్తి రావాలంటే ప్రీమియం కావాలి. కమారో 6.2కీ స్కాట్ ప్యాక్‌కీ ప్రీమియమే. ఛాలెంజర్ 5.7కి మధ్య రకం 89 చాలు.

టైర్ల దగ్గర అందరూ దెబ్బతింటారు. జీటీ పెర్ఫార్మెన్స్ ప్యాక్‌కీ కమారో ఎస్ఎస్‌కీ ముందు వెనక టైర్ల సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చుకునే వీలుండదు. వెనకవి ముందే అరిగిపోతాయి. మామూలు స్కాట్ ప్యాక్‌కి నాలుగూ ఒకే సైజు, మార్చుకోవచ్చు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాలుగైదేళ్లలో బాగానే మిగులుతుంది.

## 4. రూపం: ఎండలో, నిలబడి, లోపల కూర్చుని

రూపం ఎవరి ఇష్టం వాళ్లది, కాబట్టి ఎక్కువ చెప్పను. ఫొటోలో చూసి నిర్ణయించవద్దు. మధ్యాహ్నపు ఎండలో కారు చుట్టూ తిరగండి. మోకాలి ఎత్తు నుంచి ఒకసారి, ఇరవై అడుగుల దూరం నుంచి ఒకసారి చూడండి.

కమారో అద్దాలు సన్నగా, నడుము గీత ఎత్తుగా ఉంటాయి. బయట నుంచి చూస్తే ఎంత అందమో, లోపల కూర్చుంటే అంత ఇరుకు. దాని 2019 ఎస్ఎస్ ముఖం చాలామందికి నచ్చక షెవ్రొలే 2020కే మార్చింది. ఛాలెంజర్ 1970ల నాటి పెట్టె ఆకారం, పెద్ద శరీరం. మస్టాంగ్ మూడింటిలో మధ్యస్థం. 2024 నుంచి దాని డ్యాష్‌బోర్డ్ మీద 12.4, 13.2 అంగుళాల తెరలు వచ్చాయి, ఏసీ బటన్లు తెరలోకి వెళ్లిపోయాయి. నడుపుతూ ఏసీ తగ్గించడానికి తెరను తాకాల్సి రావడం నాకు నచ్చదు. ఆ బటన్లు కావాలంటే 2023 లేదా అంతకుముందుది చూడండి.

పైకప్పు తెరుచుకునే కారు కావాలంటే మస్టాంగ్ లేదా కమారో. ఛాలెంజర్ ఫ్యాక్టరీ నుంచి అలా రాలేదు.

## 5. స్టార్ట్ చేయకముందు చేసే తనిఖీ

అమ్మేవాళ్లకు ముందే చెప్పండి: “మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.” వెళ్లగానే హుడ్ మీద అరచెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజన్ చేసే శబ్దాలు మీకు వినిపించకుండా చేశారన్నమాట. ఇంకో రోజు వస్తామని చెప్పి వెనక్కి వచ్చేయండి.

- విన్ నంబర్: ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో రీకాల్స్ చూడండి. చరిత్ర నివేదిక తీయండి. సాల్వేజ్ (తీవ్రంగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (తర్వాత బాగుచేసినది) టైటిల్ ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. మస్టాంగ్ విన్‌లో ఎనిమిదో అక్షరం ఎఫ్ అయితే 5.0 వీ8, హెచ్ అయితే 2.3 టర్బో. బ్యాడ్జి మీద జీటీ అని ఉన్నంత మాత్రాన నమ్మవద్దు.
- ఒరిజినల్ విండో స్టిక్కర్: ప్యాకేజీలు నిజంగా ఉన్నాయో లేదో ఇందులోనే తేలుతుంది.
- టైర్ల వయసు: పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గాడి ఎంత ఉన్నా కొత్తవి కొనాల్సిందే.
- వెనక చక్రాల గూడు: టార్చి వేసి లోపలి వైపు చూడండి. నల్లటి రబ్బరు ముక్కలు పొరలుగా అతుక్కుని ఉంటే ఆ కారుతో టైర్లు కాల్చే ఆటలు ఆడారు.
- ముందు ఫెండర్ బోల్టులు: పెయింట్ చెదిరి, పానా గుర్తులుంటే విప్పి బిగించారు. ఎందుకో అడగండి.
- ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం): చవకగా దొరికేది చాలు. ఎర్రర్ కోడ్‌లు లేకపోయినా మానిటర్లన్నీ (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) “నాట్ రెడీ” అని చూపిస్తే కోడ్‌లు ఈమధ్యే చెరిపేశారని అర్థం.
- వడగళ్ల దెబ్బలు: టెక్సస్‌లో ఇది తప్పనిసరి. హుడ్ మీదుగా ఏటవాలుగా చూడండి, గుంటలు బయటపడతాయి.
- మార్పులు: ఎగ్జాస్ట్, ఇంటేక్, ఈసీయూ ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు) ఏవైనా మార్చారా? క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) తీసేసి ఉంటే డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల ఎమిషన్స్ టెస్ట్‌లో నెగ్గదు.

## 6. ఒకే దారి, ఒకే రోజు, మూడు కార్లు

హ్యాండ్లింగ్ పోల్చాలంటే దారి మారకూడదు. మీకు బాగా తెలిసిన దారి ఒకటి ఎంచుకోండి. అందులో ఒక పార్కింగ్ స్థలం, కొంత గతుకుల రోడ్డు, ఒక గుండ్రటి ర్యాంప్, కాస్త హైవే ఉండాలి. అరగంట చాలు. మూడు కార్లూ ఒకే ఊళ్లో దొరకవు, నిజమే. కనీసం ఒకే తరహా రోడ్లు ఎంచుకోండి, వర్షం పడని రోజు చూసుకోండి.

బయల్దేరే ముందు టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ డోరు అంచున రాసి ఉన్న అంకె ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే నింపించండి. ఏ కంపెనీ టైర్లు, సమ్మర్‌వా ఆల్ సీజన్‌వా రాసుకోండి. అరిగిన ఆల్ సీజన్ టైర్ల మీద కమారో, కొత్త సమ్మర్ టైర్ల మీద మస్టాంగ్ నడిపితే మీరు పోల్చింది టైర్లనే. సమ్మర్ టైర్లు సుమారు 45 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చలి ఉంటే పట్టు ఇవ్వవు, ఆ సంగతి గుర్తుండాలి.

మొదట కూర్చోండి. సీటు, స్టీరింగ్ సర్దుకోండి. ఎడమ భుజం మీదుగా, కుడి భుజం మీదుగా చూడండి. రివర్స్ కెమెరా చూడకుండా వెనక అద్దంలోంచి చూడండి. కమారోలో ఈ పరీక్ష దగ్గరే కొందరికి నిర్ణయం అయిపోతుంది. అలవాటు పడొచ్చు, కానీ లేన్ మారినప్పుడల్లా టెన్షన్ పడేవాళ్లు ఆ కారుని ప్రేమించలేరు.

పార్కింగ్‌లో రివర్స్ చేసి, రెండు కార్ల మధ్య పెట్టండి. ఛాలెంజర్ వీల్‌బేస్ 116 అంగుళాలు, కమారో 110.7, మస్టాంగ్ 107. ఆ తేడా చేతికి తెలుస్తుంది.

గతుకుల రోడ్డు మీద 30 మైళ్ల వేగంతో, కారు నార్మల్ మోడ్‌లోనే ఉంచి వెళ్లండి. గతుకు తగిలాక బాడీ ఒక్కసారి ఊగి ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే డాంపర్లు అరిగాయి. స్పోర్ట్ మోడ్ తర్వాత చూడవచ్చు.

ర్యాంప్ మీద రాసి ఉన్న వేగానికి ఐదారు మైళ్లకు మించి పోవద్దు. హద్దులు వెతకడం ఇక్కడ పని కాదు. స్టీరింగ్ ఒక్కసారి తిప్పి, అలాగే పట్టుకోండి. మలుపు మధ్యలో మీరు ఎన్నిసార్లు సరిచేయాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. కమారో ఎస్ఎస్‌లో ముక్కు చెప్పిన వెంటనే తిరుగుతుంది, ఆపై సరిచేయాల్సిన పని దాదాపు ఉండదు. ఈ విషయంలో మూడింట్లో అదే మేలు అని నా గట్టి అభిప్రాయం. ప్యాకేజీ లేని మస్టాంగ్ జీటీ ముందు కాస్త పక్కకు వాలి, తర్వాత కుదురుకుంటుంది. పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉంటే ఆ వాలడం బాగా తగ్గుతుంది. 2018 నుంచి ఆప్షన్‌గా వచ్చిన మాగ్నెరైడ్ (ఫోర్డ్ ఇచ్చే మాగ్నెటిక్ డాంపర్లు) కూడా ఉంటే కమారోకి బాగా దగ్గరికి వస్తుంది. స్కాట్ ప్యాక్ బరువు 4,200 పౌండ్ల చుట్టూ, మిగతా రెండూ 3,700–3,800 ప్రాంతంలో. ఆ అదనపు బరువు మలుపులోకి దిగేటప్పుడు, బ్రేక్ వేసినప్పుడు తెలుస్తుంది. వైడ్‌బాడీ పట్టు పెంచుతుంది, బరువు తగ్గించదు.

హైవే మీద 65లో పది నిమిషాలు నడపండి. ఇక్కడ ఛాలెంజర్ రాజు. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా వెళ్లినా నడుము నొప్పి ఉండదు. కమారోలో వెడల్పు టైర్ల రొద కాంక్రీట్ రోడ్డు మీద చెవులకు తగులుతుంది. మీ భార్య గానీ భర్త గానీ పక్కన కూర్చుని ఉంటే, వాళ్ల అభిప్రాయం కూడా ఇక్కడే అడగండి.

బ్రేకులు వెనక ఎవరూ లేని చోట 50 నుంచి గట్టిగా వేయండి. స్టీరింగ్ వణికితే డిస్కులు చూడాలి. కారు ఒక పక్కకు లాగితే అలైన్‌మెంట్ గానీ క్యాలిపర్ గానీ.

దిగగానే ఫోన్‌లో ఒక నిమిషం వాయిస్ రికార్డ్ చేయండి. రెండో కారు నడిపాక మొదటిది ఎలా ఉందో మరిచిపోతాం.

## 7. ఒక్కో కారుకీ తెలిసిన జబ్బులు

ఛాలెంజర్ హెమీ. చల్లటి స్టార్ట్‌లో టిక్ టిక్ వినిపించి, ఇంజన్ వేడెక్కాక పోతే సాధారణంగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగి ఉంటుంది. అది భరించగలిగే ఖర్చు. వేడెక్కాక కూడా అదే లయలో కొనసాగితే లిఫ్టర్లు, క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ లోపల వాల్వులను కదిలించే భాగాలు) అనుమానించాలి. అది వేల డాలర్ల పని. అందుకే కనీసం పదిహేను నిమిషాలు ఇంజన్ నడుస్తూ ఉండనివ్వండి, హుడ్ ఎత్తి వినండి.

కమారో 8 స్పీడ్ ఆటోమేటిక్. 2016–18 ఎస్ఎస్‌లలో ఇదే. తేలిగ్గా యాక్సిలరేటర్ తొక్కి 40–60 మధ్య వెళ్తున్నప్పుడు రోడ్డు పక్క గరుకు పట్టీల మీద వెళ్తున్నట్టు వణికితే అది టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే భాగం) సమస్య. షెవ్రొలే మాతృసంస్థ జీఎం కొత్త రకం ఫ్లూయిడ్‌తో మార్చమని డీలర్లకు సూచన ఇచ్చింది. ఆ పని జరిగిన రసీదు అడగండి. 2019 నుంచి ఎస్ఎస్‌కి 10 స్పీడ్ వచ్చింది. మాన్యువల్‌కి ఈ బాధే లేదు.

మస్టాంగ్. జీటీలో వచ్చే ఎంటీ82 మాన్యువల్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరుకి మొరాయిస్తుంది. వేడెక్కాక కూడా గరగరమంటే వదిలేయండి. 2018 నుంచి వచ్చిన 10 స్పీడ్ ఆటోమేటిక్‌లో కొన్ని కార్లు గేరు మారినప్పుడు గట్టిగా కుదుపుతాయి. నెమ్మదిగా, ట్రాఫిక్ వేగంలో పరీక్షించండి. 2018 తర్వాతి 5.0లో టైప్‌రైటర్ లాంటి టిక్ శబ్దం కొన్నింట్లో ఉంటుంది. అది మామూలుదా కాదా అని తేల్చాల్సింది మెకానిక్.

ఏ కారైనా సరే, మీకు నచ్చిన స్వతంత్ర మెకానిక్ దగ్గర డబ్బు కట్టి తనిఖీ చేయించండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ కారు మనది కాదు.

## 8. మార్కులు వేసి తేల్చండి

మీ వాడకాన్ని బట్టి 100 మార్కులు పంచండి. ఇంట్లో ఒక్కటే కారు అయితే విలువకు 50, సౌకర్యానికి 25, హ్యాండ్లింగ్‌కి 15, రూపానికి 10. వారాంతం కారు అయితే హ్యాండ్లింగ్‌కి 40, రూపానికి 30, మిగతా 30 విలువకు. మార్కుల పంపకం కార్లు చూడకముందే రాయండి. చూశాక రాస్తే నచ్చిన కారుకు తగ్గట్టు అంకెలు మారిపోతాయి.

నన్ను సూటిగా అడిగితే ఇలా చెబుతాను:

- ఘాట్ రోడ్ల లాంటి మలుపుల మీద నడపాలి, ఇంకో కారు ఇంట్లో ఉంది: కమారో ఎస్ఎస్, మాన్యువల్. దొరికితే 1ఎల్ఈ.
- ఒక్కటే కారు, వారంటీ కావాలి, కాస్త అన్నీ ఉండాలి: మస్టాంగ్ జీటీ, పెర్ఫార్మెన్స్ ప్యాక్‌తో.
- పిల్లలున్నారు, దూర ప్రయాణాలు ఎక్కువ: ఛాలెంజర్. స్కాట్ ప్యాక్ బడ్జెట్‌కి మించితే ఆర్‌టీ.
- మొదటి ఉద్యోగం, ఇన్సూరెన్స్ భారం: మస్టాంగ్ ఎకోబూస్ట్ లేదా కమారో వీ6. అప్పు చేసి వీ8 కొనవద్దు.

తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు:

- నెల కిస్తీ మీద బేరమాడటం. డీలర్ 84 నెలలకు సాగదీసి కిస్తీ తగ్గిస్తాడు. మొత్తం ధర మీదే మాట్లాడండి, అదీ ఈమెయిల్‌లో.
- హార్స్‌పవర్ కోసం ప్యాకేజీ వదులుకోవడం. అదే డబ్బుకి కొత్త ఇంజన్ సంవత్సరమా, పాత సంవత్సరం ప్యాకేజీతోనా అంటే రెండోదే తీసుకోండి. 25 హార్స్‌పవర్ తేడా రోజూ తెలియదు, బ్రేకులు రోజూ తెలుస్తాయి.
- ఎగ్జాస్ట్ శబ్దానికి పడిపోవడం. టెస్ట్ డ్రైవ్‌లో సగం సేపు పాటలు, శబ్దం రెండూ లేకుండా, నిశ్శబ్ద మోడ్‌లో నడపండి.
- అదే రోజు సంతకం. ఒక రాత్రి ఆగండి. ఆ ధర రేపు ఉండదంటే ఉండనివ్వండి.

## 9. కొన్నాక మొదటి నెల

1. ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. పాత కారైతే డిఫరెన్షియల్ ఆయిల్ కూడా.
2. టైర్లు పాతబడి ఉంటే ఇప్పుడే మార్చండి. పాత టైర్ల మీద వీ8 నడపడం ప్రాణాలతో ఆట.
3. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా చూసే ఏర్పాటు) ఆపవద్దు. ముఖ్యంగా చల్లటి ఉదయం, తడి రోడ్డు మీద, మలుపు తిరుగుతూ గట్టిగా తొక్కవద్దు. కారు అదుపు తప్పే ప్రమాదం ఈ మూడు సందర్భాల్లో ఎక్కువ.
4. డ్యాష్ కెమెరా పెట్టించండి.
5. దగ్గర్లోని ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) ఆటోక్రాస్‌కి పేరు ఇవ్వండి. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్ల మధ్య, ఒక్కో కారు వంతున నడిపిస్తారు. హెల్మెట్ లేకపోతే చాలా చోట్ల వాళ్లే ఇస్తారు. కారు వెనక భాగం జారితే ఎలా ఉంటుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో వీధిలో కంటే అక్కడ నేర్చుకోండి. వెళ్లే ముందు మీ ఇన్సూరెన్స్ పాలసీలో పోటీలకు సంబంధించిన షరతు చదవండి, చాలా పాలసీలు అలాంటి చోట జరిగిన నష్టానికి డబ్బు ఇవ్వవు.